డొనాల్ వదిలిన ఖాళీ

పోయిన వారం వేదవతిని పబ్బు తలుపు ముందు నిలబెట్టి వచ్చేశాం. చేతిలో ఫిడేలు పెట్టె, పక్కన కన్నతల్లి, మొహంలో నెత్తురు చుక్క లేదు. వారం పాటు అలా నిలబెట్టడం అన్యాయమే. కానీ ఆ చిక్కు ఆవిడ చేజేతులా తెచ్చుకున్నది. దానికి మనల్ని అనుకుని లాభం లేదు.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు. వేదవతిది విజయనగరం. చదువుకోవడానికి న్యూజిలాండ్‌లో పామర్‌స్టన్ నార్త్ అనే ఈ ఊరు వచ్చి, చదువయ్యాక ఇక్కడి ఆసుపత్రి ల్యాబ్‌లోనే ఉద్యోగం చూసుకుంది. తల్లి కోటేశ్వరమ్మ ఊళ్ళో పిల్లలకు వయొలిన్ నేర్పే టీచరు. కూతురికి మొదటి గురువూ చివరి గురువూ ఆవిడే. న్యూజిలాండ్ వచ్చాక బీరువా మీదికి ఎక్కిన ఫిడేలు, నిరుడు మార్చి దాకా అక్కడే ఉంది. ఆసుపత్రిలో నర్సుగా చేసే మెరె అనే మావోరీ స్నేహితురాలు, ఒక ఆదివారం మధ్యాహ్నం వేదవతిని చెయ్యి పట్టుకుని ఊరి నడుమ స్క్వేర్ దగ్గరున్న ఈ పబ్బుకి లాక్కొచ్చింది. ఐరిష్ సంగీతం వాయించేవాళ్ళు ప్రతి ఆదివారం అక్కడ గుండ్రంగా కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. స్టేజీ ఉండదు, మైకు ఉండదు, ఎదురుగా కాగితం ముక్క కూడా ఉండదు. ఒకరు ఎత్తుకుంటే, తెలిసినవాళ్ళు కలుస్తారు. దాన్ని వాళ్ళు సెషన్ అంటారు. వేదవతి విన్నది, మర్నాడు ఫిడేలు కిందికి దించింది, ఏడాది తిరిగేసరికి ఆ గుండ్రంలో ఒక కుర్చీ ఆవిడది అయింది.

ఈలోగా కోటేశ్వరమ్మ కూతురి దగ్గర కొన్నాళ్ళుండి వెళ్దామని వచ్చింది. పబ్బులో వాయిస్తున్నానని చెప్పే ధైర్యం లేక, ఫ్రెండ్ ఇంట్లో ప్రాక్టీసు అని కోసింది వేదవతి. టీచరు దగ్గర కోతలు సాగుతాయా. దుమ్ము తుడుద్దామని పెట్టె తెరిచిన కోటేశ్వరమ్మ తీగలు మీటి చూసింది. శ్రుతి మారిపోయి ఉంది. సా పా సా పా ఉండాల్సిన చోట ఇంకేదో పలికింది. అన్నం తినే ముందు ఒక్క మాట అంది, "ఇది మన శ్రుతి కాదే. ఎవరింట్లో వాయిస్తున్నావో నేనూ వచ్చి చూస్తాను," అని. అల్లుడు సాయినాథ్ ఆఫీసు పని మీద ఆల్బనీ వెళ్ళి ఉన్నాడు గనక అడ్డుపడే దిక్కు లేకపోయింది. వీటన్నిటి మీద, ముందురోజు మెరె చెవిన వేసిన వార్త ఒకటి. సెషన్ నడిపే డొనాల్ ఊరు వదిలేస్తున్నాడు.

అదీ సంగతి. ఇక తలుపు తెరుద్దాం.

"లోపలికి పదవే. ఈ గాలికి కొట్టుకుపోయేటట్టున్నాను," అంది కోటేశ్వరమ్మ, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో, కోటు ఒక చేత్తో పట్టుకుని.

"అమ్మా, లోపల కొంచెం డ్రింక్ చేసేవాళ్ళు ఉంటారు. నువ్వు ఏమీ అనుకోకు."

"అనుకోడానికే కదా వచ్చేను."

ఆవిడ ఊహలో ఉన్న పబ్బు సినిమాల్లో విలన్ కూర్చునేది. ఎర్ర దీపాలు, పొగ, సగం బట్టల మనుషులు. లోపల కనిపించింది వేరు. కిటికీ పక్కన ఇద్దరు ముసలమ్మలు స్వెటర్లు అల్లుకుంటున్నారు. ఒక నల్ల కుక్క చలి కాచుకునే పొయ్యి ముందు పడుకుని ఉంది. గుమ్మడికాయ సూపు వాసన వస్తోంది. ఎవరిదో చంటిపిల్ల టేబుల్ కింద కూర్చుని ఆలూ చిప్సు తింటోంది. కోటేశ్వరమ్మ నాలుగు వైపులా చూసి, "ఇదేటే, పెళ్ళివారి విడిదిలా ఉంది," అంది. నిరాశ పడినట్టే ఉంది గొంతు.

వాళ్ళను చూసి డొనాల్ లేచి నిలబడ్డాడు. డెబ్బై దాటిన మనిషి, పొడుగు, చొక్కా మీద ఎప్పుడూ ఉండే ఊలు కోటు. ఐర్లాండ్‌లో క్లేర్ అనే పల్లె ప్రాంతం నుంచి కుర్రతనంలో వచ్చి, ఇక్కడి యూనివర్సిటీలో పశువుల డాక్టర్లను తయారుచేస్తూ రిటైరయ్యాడు. మాట పొదుపు. తన కుర్చీ పక్కన ఇంకో కుర్చీ తనే తెచ్చి వేసి, కౌంటరు బల్ల దగ్గరికి వెళ్ళి టీ పట్టుకొచ్చి, కోటేశ్వరమ్మ చేతికిచ్చి, అప్పుడు కూర్చున్నాడు.

"పెద్దవాళ్ళని చూసి లేచేడు," అని ఒప్పుకుంది ఆవిడ. "ఈయనేనా మీ మాస్టారు?"

అవునంది వేదవతి. ఈ దేశంలో ప్రొఫెసర్ని కూడా పేరు పెట్టి పిలుస్తారని ఆవిడకు తెలియక కాదు. ఏడాదిగా డొనాల్ అని పిలవడానికి నోరు రాలేదంతే. మాస్టారూ అనే పిలిచేది. అదేదో ముద్దుపేరు అనుకుని అతనూ పలికేవాడు.

వాయించడం మొదలైంది. మెరె గిటారు అందుకుంది. పక్కనే షానన్ అనే పల్లె దగ్గర ఆవుల్ని పెంచుకునే గ్రెగ్ డప్పు లాంటి తన వాయిద్యాన్ని తొడ మీద నిలబెట్టుకున్నాడు. డొనాల్ ఫిడేలు మీద ఒక బాణీ ఎత్తుకున్నాడు, మిగిలినవాళ్ళు కలిశారు, వేదవతీ కలిసింది. గడ్డం కింద ఫిడేలు పెట్టుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుని. నేల మీద మఠం వేసుకుని, ఫిడేలు కొసను పాదం మీద ఆనించి వాయించడం నేర్పిన తల్లి ముందు, ఆ కూర్చోవడమే ఆవిడకు సిగ్గుగా అనిపించింది. తల తిప్పి తల్లి వైపు చూడలేదు.

చూసి ఉంటే కోటేశ్వరమ్మ కుడి చెయ్యి కనిపించేది. టీ కప్పు పక్కన పెట్టేసి, తొడ మీద తాళం వేస్తోంది. విజయనగరంలో వరస తప్పిన పిల్లల్ని దారిలో పెట్టే తాళం అది, పక్కింటికి వినపడుతుంది. గ్రెగ్‌కి పరుగెత్తే జబ్బు ఉంది. మొదట నెమ్మదిగా ఉండి, ఊపు రాగానే ఆవుల్ని తోలుతున్నట్టు అందరినీ తోలుకుపోతాడు. ఆ రోజు రెండుసార్లు పరుగు అందుకోబోయి, ఆ తొడ మీది దెబ్బ విని, ఎవరా అని చూసి, బుద్ధిగా వెనక్కి వచ్చాడు.

"ఇది తిస్రం, మూళ్ళ లెక్క," అంది కోటేశ్వరమ్మ, ఆగగానే. తరవాతది అయ్యాక కాసేపు వేళ్ళు మడిచి చూసుకుని, "ఇది తొమ్మిది. సంకీర్ణం. వీళ్ళకి సంకీర్ణం ఎవరు నేర్పేరే?" అని అడిగింది.

"ఎవరూ నేర్పరమ్మా. విని పట్టుకోవడమే. నేనూ ఫోన్‌లో రికార్డ్ చేసుకుని, సైకిల్ మీద డ్యూటీకి వెళ్తూ విని నేర్చుకున్నా."

"వినికిడి పాఠం అంటావు. మనదీ అంతే కదేటి."

వేదవతి గుండెల మీంచి బరువు దిగింది. తిట్లు తినడానికి సిద్ధమై వచ్చిన మనిషి, తల్లి చెయ్యి తాళం వేస్తుంటే వాయించింది. చిన్నప్పటి తరవాత మళ్ళీ ఇదే. ఆ ఒక్కటీ చాలు అనుకుంది కాసేపు. కానీ కోటేశ్వరమ్మ కళ్ళు తాళం దగ్గర ఆగే కళ్ళు కావు.

"ఒక్కటి అడుగుతాను," అంది తరవాతి విరామంలో, చెవి దగ్గరకు వంగి. "అందరూ తలా ఒకటి ఎత్తుకుంటున్నారు. ఆ డప్పు అబ్బాయి కూడా ఈల లాంటిది ఊది ఒకటి ఎత్తుకున్నాడు. నువ్వెందుకు ఎత్తుకోవు?"

"ఆయన నన్ను ఇంకా ఎత్తుకోమనలేదమ్మా."

కోటేశ్వరమ్మ తల ఊపింది. ఆ ఊపులో మెచ్చుకోలు ఉందని వేదవతికి తెలుసు. గురువు ముందు, గురువు అనుమతి లేకుండా కమాను ఎత్తకూడదు. ఆ ఇంట్లో అది నడక కన్నా ముందు నేర్పిన సంగతి.

అదే, కథంతా వచ్చి పడింది ఆ సంగతి మీదే.

టీ కోసం అందరూ ఆగినప్పుడు డొనాల్ కమానుతో టేబుల్ మీద చిన్నగా తట్టాడు. కూతురు టౌరంగాలో ఉంటోందని, తనని అక్కడికే వచ్చెయ్యమంటోందని, వచ్చే ఆదివారం తనకి ఇక్కడ ఆఖరిదని చెప్పాడు. "సెషన్‌కి కూడా అదే ఆఖరు అనుకోండి. ఎవరో ఒకరు మధ్యలో కూర్చోకపోతే ఇది నిలవదు. గ్రెగ్‌కి పాలు పితికే టైములు, మెరెకి షిఫ్టులు. మనలో కూర్చునేవాళ్ళు ఎవరూ లేరు. టానియా ఆదివారాలు క్విజ్‌కి ఇస్తానంటోంది. ఆ క్విజ్ అతనికి ఇవాళ సాయంత్రం మాట చెప్పాలట. సరేనన్నాను," అన్నాడు. టానియా ఈ పబ్బు చూసుకునే మనిషి. క్విజ్ అంటే తాగడానికొచ్చినవాళ్ళకి పెట్టే ప్రశ్నల పోటీ.

అల్లుకుంటున్న ముసలమ్మల్లో ఒకావిడ సూదులు ఒళ్ళో పెట్టేసుకుంది.

మనలో ఎవరూ లేరు. ఆ మాట వేదవతికి చెంప మీద కొట్టినట్టు తగిలింది. ఏడాదంతా పక్క కుర్చీలో కూర్చుంది. ఇక్కడ నడి చలికాలమైన జూలైలో వేళ్ళు కొంకర్లు పోతుంటే పొయ్యి దగ్గర వేళ్ళు కాచుకుంటూ వాయించింది. ఎండాకాలం క్రిస్మస్ సెలవులకి అందరూ బీచ్‌లకి పోయినప్పుడు ఆయన, ఆవిడ, ఆ కుక్క ముగ్గురే ఉన్న ఆదివారం కూడా ఉంది. ఆయన బాణీలు ఆయనకన్నా ఎక్కువే ఆవిడకు కంఠతా వచ్చు. ఆయన కళ్ళకి మాత్రం మనలో ఎవరూ కనపడలేదు. డొనాల్ లేచి వెనక పెరట్లోకి నడిచాడు. వేదవతి ఫిడేలు కుర్చీలో పెట్టి వెంట వెళ్ళింది.

పెరడంటే ఖాళీ బీరు పీపాలు, ప్లాస్టిక్ డబ్బాలు పెట్టుకునే సిమెంటు చోటు. కొండల మీంచి గాలి విసురుతోంది.

"మాస్టారూ, నేను ఎందుకు కనపడలేదు మీకు?"

డొనాల్ తిరిగి చూశాడు. "ఏమిటి వేదా?"

"ఎవరూ లేరన్నారు. నేనున్నాను కదా. ఏడాది నుంచి మీ పక్కనే ఉన్నాను. నేను ఇండియన్‌ని అనా? నా వేళ్ళు జారుతాయి, నా ఫిడేలు మీ వాళ్ళలాగా పలకదు, అదా? అదే అయితే నాతో అనండి. నేను వింటాను. కానీ లేనట్టు మాట్లాడకండి."

ఇంత కోపం తనలో ఉందని అనేదాకా ఆవిడకూ తెలియదు. ముసలాయన మొహం కోపంగా మారలేదు. అయోమయంగా మారింది.

"నీకు ఇష్టం లేదనుకున్నాను," అన్నాడు.

"ఏది ఇష్టం లేదు?"

"ఎత్తుకోవడం. ఒక్కసారి కూడా నువ్వు ఎత్తుకోలేదు. నేను వదులుతూనే ఉన్నాను కదా."

"ఏం వదిలారు?"

"ఖాళీ."

ఆవిడకు అర్థం కాలేదు. డొనాల్ గాలికి కళ్ళు చిట్లించి, అంత పొడుగు మాట మాట్లాడటం అలవాటు లేనివాడిలా ఆగి ఆగి చెప్పాడు. ఒక వరస అయిపోయాక తను టీ కప్పులోకి చూస్తూ కూర్చుంటాడు కదా, అవసరం లేకపోయినా తీగ బిగించే బిరడా తిప్పుకుంటాడు కదా, అదంతా దేనికనుకున్నావని అడిగాడు. "నాకు టీ అంటే అంత ఇష్టం కూడా లేదు. ఆ ఖాళీ నీదే. ప్రతి ఆదివారం నీ కోసమే వదిలాను. నువ్వు కదలవు. చివరికి గ్రెగ్‌కి ఓపిక నశించి ఏదో ఒకటి ఊదేస్తాడు."

ఏడాదంతా వేదవతి కళ్ళ ముందు గిర్రున తిరిగింది. ఆ ఖాళీలన్నీ ఆవిడకు గుర్తే. పెద్దాయన అలిసిపోయారు పాపం, కాస్త విశ్రాంతి తీసుకోనీ, ఆ మధ్యలో దూరడం మర్యాద కాదు అని, ఒళ్ళో చేతులు పెట్టుకుని బుద్ధిగా కూర్చునేది. అంత బుద్ధిగా కూర్చున్నందుకు లోలోపల గర్వపడేది కూడా.

"నన్ను ఎత్తుకోమని ఒక్క మాట అనొచ్చు కదా మాస్టారూ."

"ఎలా అంటాను? నువ్వు సిద్ధంగా లేకపోతే? అందరి ముందు అడిగితే కాదనలేవు. మా వైపు అలా ఎవరినీ అడగరు. చోటు ఇస్తారు, అంతే."

"మా వైపు, అడక్కుండా ఎత్తుకోరు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరు మర్యాదస్తులు కలిసి ఒక ఏడాదిని ఎలా పాడుచేశారో ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. నవ్వొచ్చింది వేదవతికి. ఆ నవ్వులోంచే కన్నీళ్ళూ వచ్చాయి.

"సరే. ఇప్పుడు చెప్పండి," అంది, ముక్కు తుడుచుకుంటూ. "ఎత్తుకోమనండి. ఇప్పుడే వెళ్ళి ఎత్తుకుంటాను."

డొనాల్ అడ్డంగా తల ఊపాడు. "చెప్పను వేదా. నేను చెప్తే నువ్వు నా కోసం ఎత్తుకుంటావు. నేను టౌరంగా వెళ్ళిపోయాక వచ్చే ఆదివారాల్లో నీకెవరు చెప్తారు?"

చూశారా ముసలాయన మొండితనం. అంతా తేలిపోయింది కదా, ఒక్క ముక్క అనేస్తే ఏం పోయింది అనిపిస్తుంది మనకి. కానీ ఆయన అన్నదాంట్లో తప్పు పట్టడానికి వేదవతికి ఏమీ దొరకలేదు.

వెనక తలుపు చప్పుడైంది. కోటు గుండీలు తప్పుగా పెట్టుకుని కోటేశ్వరమ్మ వచ్చి నిలబడింది. కూతురి కళ్ళు చూసింది, ముసలాయన్ని చూసింది. "ఏటంటున్నాడే ఈయన?"

డొనాల్ ఏదో అర్థమైనట్టు, ఆవిడకు దారి ఇచ్చి లోపలికి వెళ్ళిపోయాడు. వేదవతి అంతా చెప్పింది. ఖాళీ గురించి, టీ గురించి, క్విజ్ గురించి. చెప్పి, చివర్లో చిన్నపిల్లలా అడిగింది.

"అయితే నువ్వు చెప్పమ్మా. నా అసలు గురువువి నువ్వే కదా. ఎత్తుకోమని నువ్వు అను."

కోటేశ్వరమ్మ ఒక బోర్లించిన ప్లాస్టిక్ డబ్బా మీద కూర్చుంది.

న్యూజిలాండ్ రాకముందు వేదవతికి ఊళ్ళో ఒక కచేరీ కుదిరింది. మొదటిది. కొత్త పట్టుచీర కూడా కొన్నారు. ఆ రోజు దగ్గరకొచ్చాక కోటేశ్వరమ్మ, ఇంకా పండలేదు, వద్దు అనేసింది. ఆ చీర మడత విప్పకుండానే వేదవతి విమానం ఎక్కింది. ఆ మాట తరవాతే ఫిడేలు బీరువా ఎక్కింది. తల్లీ కూతుళ్ళు ఫోన్‌లో కూరగాయల ధరల దగ్గర నుంచి పక్కింటి వాళ్ళ గొడవల దాకా అన్నీ మాట్లాడుకున్నారు గానీ, ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

"నువ్వు పండలేదని కాదే నేను వద్దన్నది," అంది కోటేశ్వరమ్మ.

వేదవతి ఒక అడుగు దగ్గరకొచ్చింది.

"మా శేషయ్య మాస్టారు నాకు ఎప్పుడూ చెప్పలేదు. పక్క వాద్యానికి తీసుకెళ్ళేవారు. ఎవరు పాడినా వెనక వాయించేదాన్ని. నడుమ కూర్చుని ఒక్కర్తివీ వాయించమ్మా అని అంటారు, ఇవాళ అంటారు, వచ్చే నవరాత్రులకి అంటారు అని కూర్చున్నాను. ఆయన కాలం చేసేరు. ఇంక ఎవరంటారు నాకు?" కొంగుతో మొహం తుడుచుకుంది. "నీ కచేరీ దగ్గరకి వచ్చేసరికి, సరే వాయించు అని నా నోట్లోంచి రావాలి కదా. రాలేదు. చెప్పడం ఎలాగో నాకు తెలీదే. నాకు ఎవరూ చెప్పలేదు. అందుకని నోటికొచ్చింది అనేసేను, పండలేదని."

గాలికి ఒక ఖాళీ డబ్బా దొర్లుకుంటూ పోయి గోడకు తగిలింది. వేదవతి తల్లి పక్కన నేల మీదే కూర్చుండిపోయింది. ఇన్నేళ్ళూ తన వేళ్ళలో ఏదో లోపం ఉందనుకుంది. లోపం లేదు. అది తెలియడానికి ఇంత దూరం వచ్చి, ఒక పబ్బు వెనక పెరట్లో కూర్చోవలసి వచ్చింది. తల్లి మీద కోపం రావాలి, రాలేదు. జాలి వేసింది, చాలా ప్రేమా కలిగింది.

"లేమ్మా, చలిగా ఉంది," అంది చివరికి. "లోపలికి పోదాం."

"చెప్పమన్నావు కదా."

"అక్కర్లేదులే."

లోపల అందరూ మళ్ళీ కూర్చున్నారు. ఎవరికీ ఊపు లేదు. బల్ల దగ్గర టానియా ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. డొనాల్ రెండు బాణీలు వరసగా వాయించాడు, ముగించాడు, కమాను ఒళ్ళో పెట్టుకున్నాడు. టీ కప్పు అందుకుని అందులోకి చూశాడు.

ఏడాదిగా చూస్తున్న ఖాళీయే. ఇప్పుడు దాని అంచులు కూడా కనిపించాయి వేదవతికి. గ్రెగ్ ఈల కోసం చొక్కా జేబులో చెయ్యి పెట్టబోతే, మెరె కాలితో తన్నింది.

వేదవతి కమాను ఎత్తింది.

ఆ తొమ్మిది లెక్క బాణీయే ఎత్తుకుంది, డొనాల్ దగ్గర మొట్టమొదట పట్టుకున్నది. మొదటి వరస ఒక్కతే. ఫిడేలు గొంతు ఆ గదిలో చాలా సన్నగా, చాలా ఒంటరిగా వినిపించింది. ఒక చోట స్వరం తప్పింది. చెవులు వేడెక్కాయి. ఆపలేదు. రెండోసారి మొదలయ్యేసరికి మెరె గిటారు వచ్చి కింద నిలబడింది, తరవాత గ్రెగ్ డప్పు, తరవాత మిగిలినవాళ్ళు. కోటేశ్వరమ్మ తొడ మీద దెబ్బలు సరేసరి. డొనాల్ మాత్రం వాయించలేదు. కప్పు అలాగే పట్టుకుని వింటున్నాడు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. సెషన్‌లో ఒక బాణీ మూడుసార్లు తిప్పాక, ఆగకుండా ఇంకో బాణీలోకి దూకాలి. ఎత్తుకున్నవాళ్ళే దూకించాలి. వేదవతికి ఎత్తుకోవడమే ఇంత పెద్ద పని అయింది గనక, దూకడం సంగతి ఆలోచించనే లేదు. మూడోది సగం అయింది. బుర్రలో ఒక్క బాణీ లేదు. మెరె కనుబొమలు ఎగరేసి ఏ శ్రుతి అని అడుగుతోంది. ఆఖరి స్వరం వచ్చేసింది.

బుర్ర పలక్కపోయినా వేళ్ళు ఆగలేదు. వాటికి అన్నిటికన్నా ముందు తెలిసినదాంట్లోకి అవి దూకేశాయి. విజయనగరంలో పొద్దున్నే, పాలు తాగకముందు, కోటేశ్వరమ్మ పిల్లలందరి చేతా వాయించే చిన్న వరస. చేతివాటం కోసం ఆవిడే కట్టినది. పేరు కూడా లేదు దానికి. పిల్లలు నిద్ర మత్తులో ఈడ్చుకుంటూ వాయించే ఆ వరసని, వేదవతి ఇప్పుడు గుర్రం నడకలో వాయించింది.

గుండ్రంలో అందరూ ఆగిపోయారు. ఎవరికీ తెలియదు మరి. మెరె తల వంచి విని, ఒక్కో తీగా తడిమి, దారి పట్టుకుంది. రెండో వరసకి డొనాల్ కప్పు కింద పెట్టాడు. ఫిడేలు గడ్డం కింద పెట్టుకుని, మొదట చాలా మెల్లగా, తరవాత గట్టిగా కలిశాడు. మూడోసారికి గ్రెగ్ డప్పుతో కుక్కను నిద్రలేపాడు.

అయిపోయాక డొనాల్ వాళ్ళ ఆనవాయితీ ప్రకారం అడగాల్సింది అడిగాడు. కొత్త బాణీ వస్తే అక్కడ ముందు అడిగేది పేరు కాదు.

"ఎవరి దగ్గర నేర్చుకున్నావు?"

"మా అమ్మ దగ్గర."

తలలన్నీ కోటేశ్వరమ్మ వైపు తిరిగాయి. ఆవిడ ఏమిటి ఏమిటి అని కూతుర్ని అడుగుతూ, చీర సర్దుకుంది.

అప్పుడే టానియా ఫోన్ పట్టుకుని దగ్గరకొచ్చింది. "అతను మళ్ళీ మెసేజ్ పెట్టాడు. ఆదివారాలు ఇచ్చేయమంటారా? ఏం చెప్పను?"

అందరూ డొనాల్ వైపు చూశారు. డొనాల్ టీ కప్పు అందుకున్నాడు. దాంట్లో టీ లేదు. అయినా శ్రద్ధగా చూశాడు.

"ఖాళీ లేదని చెప్పు," అంది వేదవతి. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఆదివారాలు మావి. నేను కూర్చుంటాను."

మెరె గిటారు మీద అరచేత్తో ఒక్కటి చరిచింది. గ్రెగ్, పాలు పితికే టైము ఎలాగోలా సర్దుకుంటానని ఎవరూ అడక్కుండానే మాటిచ్చాడు. అల్లిక ముసలమ్మ మళ్ళీ సూదులు అందుకుంది. వేదవతికి ఒళ్ళంతా తేలిగ్గా, ఆకలిగా అనిపించింది. ఆ గుమ్మడికాయ సూపు ఒక గిన్నె తెచ్చుకుందామని లేవబోయింది.

"వేదా," అంది కోటేశ్వరమ్మ. "ఆయన ఫిడేలు ఒకసారి ఇమ్మను."

డొనాల్‌కి తర్జుమా అక్కర్లేకపోయింది. రెండు చేతులతో అందించాడు. కోటేశ్వరమ్మ కోటు విప్పి కుర్చీకి తగిలించి, చెప్పులు వదిలి, పబ్బు కార్పెట్ మీద, కుక్క పక్కనే మఠం వేసుకు కూర్చుంది. బిరడాలు తిప్పి తీగలు దించుకుంది. సా, పా. మళ్ళీ సా, మళ్ళీ పా. ఫిడేలు కొసను పాదం మీద ఆనించింది. బల్ల దగ్గర గ్లాసులు తుడుస్తున్న చప్పుడు ఆగింది. మఠం వేసుకుని ఫిడేలు పట్టుకున్న మనిషిని అక్కడ ఎవరూ చూసి ఎరగరు.

ఆవిడ చుట్టూ పాడేవాళ్ళు ఎవరూ లేరు. వెనక వాయించడానికి ముందు ఎవరూ లేరు. నడుమ ఆవిడ ఒక్కతే ఉంది.

కమాను తీగల మీదికి వచ్చి, తాకకుండా ఆగిపోయింది. కోటేశ్వరమ్మ తలెత్తి కూతురి వైపు చూసింది. శేషయ్య మాస్టారి వైపు ఎన్నేళ్ళు ఎలా చూసిందో అలాగే చూస్తోంది. ఒక్క మాట కోసం.

మాట వేదవతి నాలుక చివరి దాకా వచ్చింది. చెప్పేద్దామనుకుంది. తల్లి చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది.

వేదవతి పక్కనున్న టీ కప్పు అందుకుని, అందులోకి చూస్తూ కూర్చుంది.